పాలు మాఫీ... బియ్యం నిండుకున్నాయి!

మన ఇళ్ళలోని నుడికారం ఏం చెబుతుంది? అది మన పిల్లలకు ఎంతవరకు వినబడుతోంది?

అదొక శుక్రవారం. ఘుబ్రాలో మా ఇంటికి రెండు కుటుంబాలవాళ్ళు భోజనానికి వస్తున్నారు. పప్పుచారు పొయ్యి మీద మరుగుతోంది. వంకాయలు వేగుతున్నాయి. అన్నం వండుదామని బియ్యం డబ్బా మూత తీద్దును కదా, అడుగున రెండు గుప్పెళ్ళు కూడా లేవు! మావారు పెరుగు కోసం సూపర్ మార్కెట్‌కి వెళ్ళి ఉన్నారు. నా చేతులు రెండూ గారెల పిండిలో ఉన్నాయి. "అమ్మలూ, నాన్నకి ఫోన్ చేసి బియ్యం నిండుకున్నాయని చెప్పవే" అని కేకేశాను. మా అమ్మాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు. చాలా చురుకు. చెప్పిన పని చెప్పినట్టే చేసింది.

"నాన్నా, రైస్ డబ్బా ఫుల్‌గా ఉందట!"

ఆయన హాయిగా పెరుగు ఒక్కటే పట్టుకుని వచ్చారు. ఆ రోజు మా అతిథులు పప్పుచారుతో గారెలు తిన్నారు. వంకాయ కూరతో బ్రెడ్డు తిన్నారు. ఇప్పటికీ ఎప్పుడు కలిసినా "ఏమండీ, బియ్యం నిండుకున్నాయా?" అని అడిగి మరీ నవ్వుతుంటారు.

ఆ తరువాత కొన్నాళ్ళకి మా అత్తగారు మస్కట్ వచ్చారు. ఒక ఉదయం మా అమ్మాయి ఫ్రిజ్ తెరిచి "నానమ్మా, పాలు మాఫీ!" అని అరిచింది. ఆవిడ కాసేపు ఆలోచించి, "రుణమాఫీ సంగతి విన్నాను గానీ ఈ పాల మాఫీ ఏమిటే? ఇక్కడ పాలవాడు బాకీలు కూడా వదిలేస్తాడా?" అన్నారు. ఇక్కడ పెరిగిన పిల్లలకు 'మాఫీ' అంటే 'లేదు' అని మాత్రమే తెలుసు. ఆవిడకు 'మాఫీ' అంటే 'క్షమించి వదిలేయడం'. చెవికి ఒకేలా వినిపించినా అరబ్బీలో ఆ రెండూ వేరు వేరు మాటలు. ఒకే వంటింట్లో, ఒకే తెలుగులో మాట్లాడుకుంటున్న ఇద్దరి మధ్య ఎంత దూరమో చూశారా!

ఈ రెండు సంఘటనలూ నవ్వుకోవడానికి బాగుంటాయి. నవ్వుకోలేని మూడోది ఒకటి ఉంది. అది చివర్లో చెబుతాను. ముందు అసలు ఈ 'నిండుకోవడం' సంగతేమిటో చూద్దాం.

లేదు అనని ఇల్లు

బియ్యం అయిపోతే 'అయిపోయాయి' అనొచ్చు కదా, 'నిండుకున్నాయి' అని తలకిందులుగా అనడం ఎందుకు? ఎందుకంటే మన పెద్దవాళ్ళ దృష్టిలో ధాన్యం లక్ష్మి. ఇంట్లో నిలబడి 'లక్ష్మి లేదు' అని నోటితో అనకూడదు. అందుకని ఖాళీని నిండుతనంతో చెప్పారు. దీపం ఆరిపోతే 'ఆరిపోయింది' అనరు, 'కొండెక్కింది' అంటారు. మంగళసూత్రం తాడు తెగితే 'పెరిగింది' అంటారు. మశూచి వస్తే 'అమ్మవారు పోసింది' అన్నారు. ఎవరైనా గడప దాటి వెళుతుంటే 'వెళ్తాను' అననివ్వరు, 'వెళ్ళొస్తాను' అనాలి. చిన్నప్పుడు నేను పొరపాటున 'వెళ్తాను' అంటే మా అమ్మ మళ్ళీ వెనక్కి పిలిచి కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇచ్చి, సరిగ్గా అనిపించి పంపేది!

ఇదంతా మన ఒక్కరి చాదస్తమే అనుకునేరు. మనం ఉంటున్న ఈ నేల భాషలోనూ అచ్చం ఇలాంటి మర్యాద ఉంది. పాత అరబ్బీలో పాము కరిచినవాణ్ణి 'సలీం' అనేవారు, అంటే క్షేమంగా ఉన్నవాడు అని. నీటిచుక్క దొరకని ఎడారికి 'మఫాజా' అని పేరు, అంటే గట్టెక్కే చోటు, గెలుపు దొరికే చోటు అని. బిడారును 'కాఫిలా' అంటారు కదా? ఆ మాట 'తిరిగి రావడం' అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది. బయలుదేరి వెళుతున్న ఒంటెల వరుసను చూస్తూ 'తిరిగి వచ్చేవాళ్ళు' అని పిలవడమన్నమాట! మన 'వెళ్ళొస్తాను'కి ఇంతకన్నా దగ్గరి చుట్టం ఇంకెక్కడ దొరుకుతుంది?

ఆలోచిస్తే ఇందులో వింత లేదు. ఒకరిది ఇసుకలో దారి తప్పితే ప్రాణం పోయే ప్రయాణం. ఒకరిది ఏరు పొంగితే, వాన తప్పితే ఇల్లు కూలే వ్యవసాయం. రేపటి మీద భరోసా లేని చోట, నోటి మాటైనా మంచిది రానివ్వమని మనిషి కోరుకున్నాడు. ఆ కోరికే నుడికారమై కూర్చుంది.

ఎండలో పుట్టిన మాటలు

ఇంకొక సంగతి గమనించారా? ఇంగ్లీషువాళ్ళు మనని ఇంటికి పిలిస్తే 'వార్మ్ వెల్కమ్' అంటారు. ప్రేమగా ఉండేవాడు వాళ్ళకి 'వార్మ్' మనిషి. ముభావంగా ఉంటే 'కోల్డ్'. మంచు కురిసే దేశంలో వెచ్చదనమే వరం కాబట్టి ఆ మాటలు అక్కడికి చక్కగా నప్పుతాయి.

మరి మనకో? "నీ కడుపు చల్లగుండ!" "చల్లగా నూరేళ్ళు బతుకు నాయనా!" "నిన్ను చూశాక నా కళ్ళు చల్లబడ్డాయి." మనవాడిని చూసిన తాత గుండె వెచ్చబడదు, చల్లబడుతుంది. హాయిగా ఇంట్లో కూర్చున్నవాడు 'కడుపులో చల్ల కదలకుండా' కూర్చుంటాడు. ఆ చల్ల అంటే మజ్జిగే లెండి! రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయనుకునే మనకి దీవెన చల్లగా కాక ఇంకెలా ఉంటుంది?

అరబ్బులదీ అదే దారి. వాళ్ళకు ముద్దుబిడ్డ 'కుర్రత్ అల్ ఐన్', అంటే కంటికి చల్లదనం. మంచి కబురు వింటే 'నా ఛాతీని మంచులా చల్లబరిచావు' అనే అర్థంలో ఒక పలుకుబడి ఉంది. ఒమాన్ ఎండ ఎలాంటిదో మీకు వేరే చెప్పాలా? 2018 జూన్ 26న మన మస్కట్‌కి పక్కనే ఉన్న కురయ్యాత్‌లో ఇరవై నాలుగు గంటల్లో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రతే 42.6 డిగ్రీలు! రాత్రి పూట కూడా అంతకన్నా దిగలేదు. అలాంటి చోట ఎవరైనా 'వెచ్చగా ఉండు' అని దీవిస్తే అది దీవెనో శాపమో తేల్చుకోవడం కష్టం.

అలాగని ప్రతి మాటనీ వాతావరణం ఖాతాలో వేసెయ్యకూడదు. కోపం మాత్రం అన్ని దేశాల్లోనూ వేడిగానే ఉంటుంది. మనవాడు మండిపడతాడు, భగ్గుమంటాడు, నిప్పులు చెరుగుతాడు. ఇంగ్లీషువాడికీ రక్తం ఉడుకుతుంది. మన చల్లదనం కూడా ఎప్పుడూ తీపి కాదు. 'చావు కబురు చల్లగా చెప్పడం' అనే మాట ఉండనే ఉంది. నుడికారం లెక్కల పుస్తకం కాదు. అది మనుషుల అనుభవం.

కడుపు, కాలేయం, నెత్తి

మా ఆఫీసులో ఒక ఒమానీ సహోద్యోగి ఉండేవాడు. ఒకసారి నా సెలవు చీటీ చాలా రోజులు ఆగిపోతే, ఆయనే రెండు గదులు తిరిగి సంతకాలు పెట్టించి తెచ్చాడు. ఆనందం పట్టలేక నేను మన మాటను ఇంగ్లీషులోకి దించేశాను: "మీరు నా నెత్తిన పాలు పోశారు!" ఆయన కంగారుగా నా తల వంక చూశాడు. నేను విడమరిచి చెప్పాక నవ్వి, "మా వాళ్ళైతే 'అలా రాసీ' అంటారు" అన్నాడు. 'నా తల మీద' అని దాని అర్థం. మీరు అడిగిన పని నెత్తిన పెట్టుకుని చేస్తాను అని భావం. కంటి మీద అని, గల్ఫ్‌లో కొందరు ముక్కు మీద అని కూడా అంటారట. ముక్కు మాట వినగానే నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే మన ముక్కు మీద ఉండేది కోపం! ముక్కున వేలేసుకుంటే ఆశ్చర్యం. ముక్కుసూటి మనిషైతే నిజాయితీ. ఒకే ముక్కు, ఎన్ని పనులో!

ఏ భాష మనిషినైనా 'ప్రేమ ఎక్కడుంది?' అని అడగండి. ఇప్పుడందరూ గుండె చూపిస్తారు. కానీ పాత మాటలు అలా చెప్పవు. తెలుగు తల్లికి ప్రేమ ఉండే చోటు కడుపు. బిడ్డ పోతే కడుపుకోత. బిడ్డ బాధ చూస్తే కడుపు తరుక్కుపోతుంది. కోడల్ని బాగా చూసుకునే అత్తగారు ఆమెను కడుపులో పెట్టుకుని చూసుకుంటుంది. రక్త సంబంధానికి పేగుబంధం అని పేరు. ఇంటి గుట్టు బయటపెట్టబోయేవాడికి 'కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది' అని హెచ్చరిక. అరబ్బులకు బిడ్డ కాలేయపు ముక్క. మనం 'నా పేగు తెంచుకు పుట్టినవాడు' అన్నచోట వాళ్ళు 'నా కాలేయపు తునక' అంటారు. రెంటికీ దూరం ఎంత? జానెడు కూడా లేదు!

ఉప్పు సంగతి కూడా అంతే. 'వాళ్ళ ఉప్పు తిన్నాం, ద్రోహం చెయ్యకూడదు' అని మనం అంటాం. 'మా మధ్య రొట్టె, ఉప్పు ఉన్నాయి' అని అరబ్బులు అంటారు. కలిసి తిన్నవాళ్ళు ఒకరికొకరు కీడు చేసుకోరన్న నమ్మకం సముద్రానికి ఈ ఒడ్డునా, ఆ ఒడ్డునా ఒకటే.

ఇక మాటలు కూడా సముద్రం దాటాయి. జవాబు, కుర్చీ, జేబు, సబ్బు, దుకాణం, వసూలు, బాకీ, రద్దు, ఖాళీ, హక్కు, ఆఖరు... ఇవన్నీ అరబ్బీ మూలం నుంచి పారసీ, ఉర్దూల మీదుగా మన ఇంటికి వచ్చినవే. తెలంగాణ నుంచి వచ్చిన కుటుంబాలకైతే దావత్, ఖతం లాంటివి పుట్టింటి మాటలే. 'మామూలు' సంగతి మరీ తమాషా. అరబ్బీలో ఆ మాటకు 'చేసినది' అని అర్థం. మస్కట్ దుకాణాల్లో ఖర్జూరం కూరిన బిస్కెట్లను మఅమూల్ అంటారు, అదీ ఈ మాటే. మన దగ్గరికి వచ్చేసరికి 'ఎప్పుడూ జరిగేది' అయింది. ఆ పైన బల్ల కింద చేతులు మారేదీ అయింది! ఒక మాట ఎక్కడికి వెళితే అక్కడి అలవాట్లు నేర్చుకుంటుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం కావాలా?

నీళ్ళలా ఖర్చు... ఘుబ్రాలోనా?

నుడికారం పొలంలోంచి, మగ్గం మీంచి, రేవు దగ్గర నుంచి పుట్టింది. నల్లేరు మెత్తని తీగ, దాని మీద బండి చక్రం సాఫీగా సాగిపోతుంది. అందుకే తేలిక పని 'నల్లేరు మీద బండి నడక'. ఎద్దు మెడ మీది కాడి వదిలేస్తే 'కాడి పడేయడం'. పశువు పరుగెత్తకుండా వేసే కట్టు 'ముందరికాళ్ళకు బంధం'. ఏరు దాటి ఒడ్డు చేరడం 'గట్టెక్కడం'. చదువు మొదలు తెలియనివాడికి 'ఓనమాలు రావు', ఎందుకంటే ఒకప్పుడు అక్షరాభ్యాసం 'ఓం నమః శివాయ'తో మొదలయ్యేది. ఒక్కొక్క జాతీయం వెనక ఒక్కొక్క పని, ఆ పని చేసిన మనిషి ఉన్నారు.

ఈ సంపదను గుర్తించి దాచినవాళ్ళూ ఉన్నారు. కెప్టెన్ ఎం. డబ్ల్యు. కార్ అనే ఆంగ్లేయ సైనికోద్యోగి 1868లోనే తెలుగు సామెతలను ఏర్చి కూర్చి మద్రాసులో పుస్తకంగా అచ్చు వేయించాడు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యంలో రైతుల నోటి మాటలను జిల్లాల వారీగా సేకరించిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం 1962లో వచ్చింది. రెండోది చేనేత మాటల మీద. బూదరాజు రాధాకృష్ణగారు తెలుగు జాతీయాలను ఒక పుస్తకంగా కూర్చారు. పుస్తకాల్లో ఉన్నాయి కదా అని నిశ్చింతగా ఉండొచ్చా? మాట బతికేది నోట్లో. పుస్తకంలో ఉండేది దాని ఫోటో.

పిల్లలకు ఈ మాటలు ఎందుకు అందడం లేదో నాకు ఒక రోజు బాగా తెలిసింది. మావారు ఎవరి గురించో "డబ్బు నీళ్ళలా ఖర్చు పెడతాడు" అన్నారు. మా అమ్మాయి మెచ్చుకుంటున్నట్టు తలూపి, "అంటే చాలా జాగ్రత్తపరుడన్నమాట" అంది! ముందు నవ్వొచ్చింది. తరువాత ఆలోచిస్తే దాని లెక్కే సరైనదేమో అనిపించింది. అది పుట్టి పెరిగింది ఘుబ్రాలో. సముద్రపు నీటిని మంచినీళ్ళుగా మార్చే కర్మాగారం ఈ తీరంలోనే 1976లో మొదలైంది. ఈనాటికీ ఆ పని ఇక్కడ సాగుతూనే ఉంది. ఇక్కడ నీళ్ళు దొరకవు, తయారవుతాయి. ఒమాన్ పల్లెల్లో ఫలజ్ కాలువల నీటిని గడియల లెక్కన వంతులు వేసుకుని పంచుకుంటారు. అలాంటి కాలువలు మూడు వేల దాకా ఇంకా వాడుకలో ఉన్నాయని, వాటిలో అయిదింటిని 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారని బడిలో దానికి చెప్పారు. మరి అలాంటి పిల్లకు నీళ్ళంటే పొదుపు కాక ఏం గుర్తుకొస్తుంది?

మాదేమో గోదావరి జిల్లా. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఇంటి ముందు కాలువ పారిన ఊళ్ళు మావి. 'మంచినీళ్ళ ప్రాయంగా' పని చేసేస్తాం. జవాబు చెప్పలేకపోతే 'నీళ్ళు నములుతాం'. ఆశ పోతే 'నీరుగారిపోతాం'. రాదనుకున్న బాకీ మీద 'నీళ్ళు వదులుకుంటాం'. కడుపుతో ఉన్న పిల్ల 'నీళ్ళోసుకుంది'. ఇన్ని నీళ్ళ మధ్య పెరిగిన తల్లి, లెక్కపెట్టి వాడుకునే నీళ్ళ మధ్య పెరిగిన కూతురు. ఒకే మాట ఇద్దరికీ ఒకే బొమ్మ చూపించదు. తప్పు పిల్లది కాదు. బొమ్మ చూపించకుండా మాట మాత్రం ఇచ్చిన మనదే.

చల్లకొచ్చి ముంత దాచి...

నుడికారం సంస్కృతిని చూపించే అద్దం మాత్రమే కాదు. మనం ఎలా మాట్లాడాలో కూడా అదే నేర్పుతుంది. మజ్జిగ అడగడానికి పొరుగింటికి వెళ్ళి, ముంత చీర చెంగు చాటున దాచుకుని, ఊళ్ళో కబుర్లన్నీ చెప్పి, అసలు సంగతి అడగలేక నిలబడటం మనకు తెలిసిన దృశ్యమే. అందుకే 'చల్లకొచ్చి ముంత దాచడమెందుకు?' అన్నారు. ఈ మాటలో రెండు పాఠాలున్నాయి. అడగడానికి మొహమాటపడటం మన స్వభావం అన్నది ఒకటి. ఆ మొహమాటం ఎదుటివాడికి కనబడుతూనే ఉంటుంది, కాబట్టి అతనే ముంత చూసి మజ్జిగ పోయాలి అన్నది రెండోది. చెప్పేవాడు సగం చెబుతాడు, వినేవాడు మిగతా సగం పూర్తి చేసుకుంటాడు.

'చూద్దాంలెండి' అని మనవాళ్ళంటే సగం సార్లు కాదనే అర్థం. 'ఇన్షా అల్లా' అనే మాట కూడా అంతే. నిండు నమ్మకంతో అన్నదా, మర్యాదగా దాటవేసిందా అన్నది గొంతును బట్టి, ముఖాన్ని బట్టి తెలుసుకోవాలి. ఒమానీ ఇంట్లో కహ్వా తాగినప్పుడు చాలు అని నోటితో చెప్పక్కర్లేదు, కప్పును చేతిలో అటూ ఇటూ చిన్నగా ఊపితే చాలు. తెలియనివాడు కప్పు ముందుకు చాపుతూనే ఉంటాడు, వాళ్ళు పోస్తూనే ఉంటారు!

జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ అనే ఇద్దరు అమెరికన్ పండితులు 1980లో అచ్చయిన తమ పుస్తకంలో ఒక సంగతి చూపించారు. ఇంగ్లీషువాళ్ళు కాలాన్ని డబ్బులా మాట్లాడతారు. దాన్ని ఖర్చు పెడతారు, ఆదా చేస్తారు, వృథా చేస్తారు. మనమూ ఇప్పుడు 'టైమ్ వేస్ట్' అంటున్నాం. కానీ మన పాత మాటల్లో కాలం గడుస్తుంది, పొద్దు పుచ్చుతాం, కాలక్షేపం చేస్తాం. అలాగని తెలుగువాళ్ళకు సమయం విలువ తెలియదని కాదు. భాష మనని గదిలో పెట్టి తాళం వెయ్యదు. కానీ అలవాటైన దారిలోకి మెల్లగా నడిపిస్తుంది. రెండు మూడు భాషల నుడికారం తెలిసిన పిల్లలకు రెండు మూడు దారులు తెలిసినట్టే. మన పిల్లలు ఈ విషయంలో అదృష్టవంతులు.

రోజులు దగ్గర పడ్డాయి

ఇక ఆ మూడో సంగతి.

ఆ ఏడాది మా అమ్మా నాన్నా మస్కట్ రావాలి. వీసా కాగితాలు సిద్ధమవుతున్నాయి. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు నిండాయి. తాతయ్య వచ్చే తేదీకి కేలెండర్‌లో ఎర్ర గుండ్రం చుట్టి, రోజూ ఒక్కొక్క గడి కొట్టేస్తూ ఎదురుచూస్తోంది.

ఒక సాయంత్రం నేను కింద షాపుకి వెళ్ళాను. ఫోన్ ఇంట్లోనే ఉండిపోయింది. ఊరి నుంచి మా పెద్దమ్మ చేసింది. మా అమ్మాయి తీసింది. ఆవిడ వయసు మళ్ళిన మనిషి. చిన్నపిల్లతో పిడుగులాంటి మాట ఎలా అంటుంది? అందుకని మెల్లగా, మెత్తగా చెప్పింది: "తాతయ్యకి రోజులు దగ్గర పడ్డాయి తల్లీ, అమ్మని ఒకసారి మాట్లాడమను."

నేను మెట్లెక్కి వచ్చేసరికి మా అమ్మాయి గెంతుతోంది. "అమ్మా! తాతయ్య వచ్చే రోజులు దగ్గర పడ్డాయట! అమ్మమ్మ ఫోన్ చేసింది!" నేనూ సంతోషించాను. వీసా గురించే అయి ఉంటుంది, అక్కడ మనకన్నా గంటన్నర ముందు, ఈపాటికి పడుకుని ఉంటారు, పొద్దున్నే చేద్దాంలే అనుకున్నాను. తాతయ్యకు గది ఎలా సర్దాలో రాత్రంతా ఇద్దరం మాట్లాడుకున్నాం.

పొద్దున ఫోన్ చేస్తే తెలిసింది. దొరికిన మొదటి విమానంలో హైదరాబాద్, అక్కడి నుంచి కారులో ఊరు. నాన్న ఉన్నారు. కళ్ళు తెరిచి నన్ను చూశారు. చెయ్యి పట్టుకున్నారు. కానీ ఆ రాత్రే మాట పడిపోయిందట. సాయంత్రం వరకూ నా పేరే తలిచారని, ఫోన్ ఏదని అడిగారని అమ్మ చెప్పింది.

మా పెద్దమ్మ తప్పు చేసిందా? లేదు. పసిదాని గుండె బెదరకూడదని మన భాషలో ఉన్న అతి మెత్తని మాటను ఎంచుకుంది. మా అమ్మాయి తప్పు చేసిందా? లేదు. తనకు వచ్చిన తెలుగులో ఆ మాటకు ఉన్న ఒకే ఒక్క అర్థం చెప్పింది. 'రోజులు', 'దగ్గర', 'పడ్డాయి' మూడూ దానికి వచ్చు. మూడూ కలిస్తే ఏమవుతుందో దానికి ఎవరూ చెప్పలేదు. ఎవరు చెప్పాలి? నేనే కదా!

మన పిల్లలకు తెలుగు రాదని మనం బాధపడుతుంటాం. నిజానికి చాలామందికి మాటలు వచ్చు. రానిది మాట చాటున ఉన్న మాట. పెద్దవాళ్ళు ముఖ్యమైన సంగతులన్నీ దాచేది అక్కడే. ప్రేమ, భయం, దీవెన, చావు... ఏదీ నేరుగా అనరు. నుడికారం తెలియని మనవడు తాతతో వాతావరణం గురించి, చదువు గురించి మాట్లాడగలడు. తాత గుండెలో మాట మాత్రం వాడికి అందదు.

ఏం చేద్దాం మరి?

పాఠాలు పెట్టనక్కర్లేదు. మా ఇంట్లో మేం చేసింది చాలా చిన్న పని. పెద్దవాళ్ళతో ఫోన్ మాట్లాడాక, "ఇప్పుడు అమ్మమ్మ అన్నదాంట్లో నీకు వింతగా అనిపించిన మాట ఏది?" అని అడిగేదాన్ని. ఆ మాట ఒక నోటు పుస్తకంలో రాయడం, దాని పక్కన బొమ్మ వేయడం. 'చేతికి ఎముక లేదు' అంటే ఎముక లేని చెయ్యి వేసి, ఎంత దానమైనా చెయ్యడానికి వంగే చెయ్యి అని రాసింది. 'కాలికి బలపం కట్టుకుని తిరగడం' అనగానే కాలికి బలపం కట్టి నేలంతా గీతలు గీసింది. బొమ్మ వేసిన మాట అది మళ్ళీ మరిచిపోలేదు. పక్క ఫ్లాట్ పిల్లలు వాళ్ళ భాషలో అదే మాటను ఎలా అంటారో కూడా చేరింది. పుస్తకం నిండింది. ఈసారి నిజంగానే నిండింది!

పిల్లలూ, ఇది మీకోసం

ఈ ఆరు మాటలకు మీరూ బొమ్మలు వేయండి. ముందు అర్థం మీరే ఊహించండి. ఆ తరువాత ఫోన్ చేసి అమ్మమ్మనో, నానమ్మనో, తాతయ్యనో అడగండి. చివరగా కింద చూసుకోండి.

1. గోడ మీద పిల్లి
2. పప్పులో కాలేయడం
3. అరటిపండు వలిచి చేతిలో పెట్టడం
4. కళ్ళు నెత్తికెక్కడం
5. తల ప్రాణం తోకకి రావడం
6. కుంభకర్ణుడి నిద్ర

జవాబులు: 1. ఎటు లాభమైతే అటు దూకడానికి సిద్ధంగా ఉన్నవాడు. 2. పొరపాటు పడటం. 3. చాలా సులువుగా అర్థమయ్యేట్టు చెప్పడం. 4. గర్వం పెరిగిపోవడం. 5. చాలా అవస్థ పడటం. 6. ఎంత లేపినా లేవనంత గాఢ నిద్ర. శుక్రవారం పొద్దున మీ నిద్ర సంగతి అమ్మనడగండి!

మా అమ్మాయి ఇప్పుడు హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. మొన్న సెలవులకు వచ్చి తిరిగి వెళుతోంది. విమానాశ్రయంలో బోర్డింగ్ పాస్ చేతిలో పట్టుకుని నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి చూసింది.

"వెళ్ళొస్తానమ్మా" అంది.

నా కళ్ళు చల్లబడ్డాయి.